పచ్చరంగులో నల్ల చుక్క

నేను ముప్పై నాలుగేళ్లు భూముల నక్షలు గీశాను. మొదటి పన్నెండేళ్లు ట్రేసింగ్ కాయితం మీద సిరా పెన్నుతో, మిగతావి కంప్యూటర్ మీద. పుట్టింది జనగామలో, పనిచేసింది ఎక్కువగా మానుకోటలో, చివరి మూడేళ్లు భూపాలపల్లిలో. ఉత్త రజియా అంటే ఎవరికీ తెలియదు గాని, నక్షల రజియక్క అంటే ఈ మూడు చోట్లా ప్రైవేటు సర్వేయర్లు గుర్తుపడతారు. కళ్లూ మోకాళ్లూ ముందు రాజీనామా ఇచ్చాయి, వాటి వెనకాల నేనూ ఇచ్చాను.

ఈ పనిలో కొత్తగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి షార్ట్‌కట్లు అడుగుతుంటారు. అమ్మా, అవి నాకంటే మీకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది ఒకే ఒక మీట గురించి. ఒక ఆకారంతో ఇంకో ఆకారాన్ని కోసేసే మీట. మా సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ట్రిమ్ అంటారు. రోజుకు వందసార్లు నొక్కేదాన్ని. ఒక్కసారి తప్పు నొక్కాను. ఆ ఒక్కసారి సంగతి ఇది. ఇందులో నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు ఎక్కడైనా అనిపిస్తే అది నమ్మకండి.

కత్తెర ముందు, గుడ్డ తర్వాత

కంప్యూటర్ మీద నేను మొదట కోసింది నెలవంకను. జనగామలో ఒక ఫ్లెక్సీ దుకాణంలో కంప్యూటర్ పని నేర్చుకుంటున్నప్పుడు రంజాన్ బ్యానర్ వచ్చింది. నెలవంకను గీతలతో వంపు తిప్పబోయి గంటసేపు చచ్చాను, అది నెలవంకలా రాలేదు, కొడవలిలా వచ్చింది. దుకాణం యజమాని నవ్వి, ఒక గుండ్రం వేసి, దాని మీద కొంచెం పక్కకు ఇంకో గుండ్రం పెట్టి, రెండూ ఎంచి ట్రిమ్ నొక్కాడు. రెండో గుండ్రాన్ని పక్కకు లాగేస్తే నెలవంక మిగిలింది.

అందులో ఒక మెలిక ఉంది. రెండు ఆకారాల్లో ఏది దేన్ని కోయాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. మనం ముందు నొక్కింది కోస్తుంది, చివర నొక్కింది కోతపడుతుంది. అంతే దాని న్యాయం. వరస తారుమారైతే కోయవలసింది నిలుస్తుంది, నిలవవలసింది తెగుతుంది.

మా నాన్న స్టేషన్ రోడ్డులో దర్జీ. అందుకని నేను దీన్ని "కత్తెర ముందు, గుడ్డ తర్వాత" అని గుర్తుపెట్టుకున్నాను. నాన్న చంక దగ్గర గుడ్డను వంపుగా కోసేటప్పుడు ఊపిరి బిగపట్టేవాడు. కోసిన ముక్కను మాత్రం పారేసేవాడు కాదు. ఒక గోనెసంచిలో వేసేవాడు. ఎందుకని అడిగితే, "ఎప్పుడన్న గీ అంగి చినిగితే అతుకేసేతందుకు గిదే గుడ్డ గావాలె బేటా" అనేవాడు. కంప్యూటర్ దగ్గర ఆ గోనెసంచి లేదు. కోసిన ముక్క ఎక్కడికీ పోదు, అసలు ఉండదు.

వీరస్వామి సార్

మానుకోటలో నాకు పని ఇచ్చింది వీరస్వామి సార్. సర్కారు సర్వేయర్‌గా రిటైరై సొంతంగా నక్షల ఆఫీసు పెట్టుకున్నాడు. పొద్దున్నే స్నానం చేసి, తెల్ల అంగీ వేసుకుని, టేబుల్ మీద ఒక్క దుమ్ము కణం కనిపించినా అరిచే మనిషి. ఆడవాళ్లు నక్షలు గీయడమేమిటని ఎవరైనా అంటే, "నీ చేతివంకర నీకు ఎరికేనా, ఆమె చెయ్యి సూడు" అని మొహం మీదే అనేవాడు. ఆయనకు నేను రుణపడి ఉన్నాను. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత చెప్పేది వేరుగా ఉంటుంది.

మొదట్లో బచ్చన్నపేట వైపు ఒక చెరువు నక్ష చేశాను. ఊరి భూమిలోంచి చెరువు మేరను కోసేసి, మిగిలింది రంగు వేసి ఇవ్వాలి. కోశాను, రంగు వేశాను, ఫైలు మూసేశాను. మర్నాడు చెరువు మేర కొంచెం జరపాలన్నారు. జరపడానికి నా దగ్గర పాత ఊరి ఆకారం లేదు, చిల్లు పడ్డ ఊరే ఉంది. సార్ నన్ను తిట్టలేదు. మూడు రోజులు మళ్లీ మొదటినుంచి గీయించాడు.

"కోసే ముందల ఒక కాపీ వెనుకకు దాసిపెట్టుకో రజియా. ఎవలకు సూపియ్యకు. గది నీ గోనెసంచి అనుకో," అన్నాడు. మా నాన్న సంగతి ఆయనకు ఎప్పుడో చెప్పాను, గుర్తుపెట్టుకున్నాడు.

సార్ ఇంకో పాఠం కూడా నేర్పాడు. నక్ష సాఫ్‌గా ఉండాలి. స్కాన్ చేసిన పాత కాయితాల మీద మరకలు, చీమ తలకాయంత మచ్చలు, మడత గీతలు వస్తాయి. వాటన్నిటినీ ఏరి తుడిచేయాలి. "సూసెటోని కన్ను యాడ గుడ ఆగొద్దు" అనేవాడు. నేను మచ్చలు ఏరడంలో ఆరితేరాను. బియ్యంలో రాళ్లు ఏరినంత అలవాటుగా ఏరేదాన్ని. ఆయన నా నక్షను వెలుతురుకు పట్టి చూసి తల ఊపితే ఆ రోజుకు అన్నం రుచిగా ఉండేది.

కొత్తగూడ షీటు

కొత్తగూడ అడవి వైపు పోడు భూముల పని వచ్చింది. ఏళ్ల తరబడి అడవిలో సేద్యం చేసుకుంటున్న కోయ కుటుంబాల భూముల చుట్టూ మనుషులు నడిచి, చేతిలో పట్టే జీపీఎస్ మిషన్లతో హద్దుల పాయింట్లు తీసుకొచ్చేవారు. అడవి అంతా పచ్చరంగు. ఒక్కొక్కరి భూమి పసుపురంగు. పసుపు భూమితో పచ్చ అడవిని కోయాలి, అప్పుడు ఆ భూమి అడవి లెక్కలోంచి బయటపడుతుంది. ముందు పసుపును నొక్కి, చివర పచ్చను నొక్కాలి. కత్తెర ముందు, గుడ్డ తర్వాత. ఆ నక్షను పంచాయతీ గోడకు అతికిస్తారు, గడువులోపల ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే ఖాయం.

అందులో ఒక ఊరి షీటులో నలభై ఒక్క భూములున్నాయి. ముప్పైకి పైగా అయిపోయాయి. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి కూర్చున్నాను. బయట జీపు హారన్ కొడుతున్నది, సార్ తలుపు దగ్గర నిలబడి, "ఎంతసేపు రజియా, సాయంత్రం మీటింగున్నది ఆడ" అంటున్నాడు. నేను అడవిని ముందు నొక్కి, భూమిని చివర నొక్కాను.

అడవి భూమిని కోసేసింది. ఆ భూమిలో ఎక్కువ భాగం అడవి గీత లోపలే ఉంది, వాగు పక్కన ఒక మూల మాత్రం బయటికి వచ్చి ఉంది. ఆ మూల ఒక్కటే పసుపుగా మిగిలింది. తప్పు జరిగితే నక్ష వికారంగా కనిపిస్తుందని మీరు అనుకుంటారు. కనిపించదు. పచ్చ నిండుగా ఉంది, పసుపు చిన్నగా ముద్దుగా ఉంది, ఎక్కడా సందు లేదు. విస్తీర్ణం కూడా సాఫ్ట్‌వేరే లెక్కగట్టి పట్టికలో వేసింది. మూడెకరాల పది గుంటలు ఉండవలసిన చోట ఇరవై గుంటలు, అంటే అరెకరం. నక్షా పట్టికా రెండూ ఒకే అబద్ధం చెబితే అది నిజమే అనిపిస్తుంది.

నాకు ఒకే ఒక్కటి కనిపించింది. పచ్చరంగు మధ్యలో ఒక నల్ల చుక్క. భూముల్లో ఉన్న బావుల్నీ రాళ్లనూ వేరే పొరలో చుక్కలుగా పెట్టేవాళ్లం. కోత ఆ పొరకు తగలలేదు, అందుకే భూమి పోయినా చుక్క మిగిలింది. దాని పక్కన పేరు లేదు. ఫీల్డులో రాసిన కాయితం పక్క గదిలో ఉంది. పది అడుగులు. లేచి చూస్తే అది ఎవరిదో, ఏమిటో తెలిసేది.

నేను లేవలేదు. మచ్చ అనుకున్నాను. ఏరి తుడిచేశాను. సార్ ప్రింటును వెలుతురుకు పట్టి చూసి తల ఊపాడు.

నోరు విప్పని రోజు

ఎనిమిది నెలల తర్వాత రాములు అనే మనిషి ఆఫీసుకు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో పట్టా కాయితం. ఆ భూమి వాళ్ల అమ్మ ముత్తమ్మ పేరు మీద ఉంది.

"సార్, మాది మూడెకరాల పది గుంటలు. గిండ్ల ఇరువై గుంటలే వడ్డది. మిగిలిన దాని సుట్టు ఫారెస్టోళ్లు కందకం తవ్విన్రు, మొక్కలు వెట్టిన్రు. అడుగువెడితె కేసంటున్నరు."

"గోడకు అతికిచ్చినప్పుడు ఎందుకు సూసుకోలే?" అన్నాడు సార్.

"మా అవ్వకు సదువు రాదు. పసుపురంగుల తన నంబరు ఉన్నదని ఎవలో సూపిస్తె, ఉన్నది గదాని ఏలుముద్ర ఏసింది."

"నక్షల తప్పుండదు. మీరే నడిచినప్పుడు పాయింట్లు తప్పు సూపిచ్చి ఉంటరు."

రాములు కవరును మడతపెట్టాడు. తర్వాత గొంతు తగ్గించి, "భూమి ముచ్చట తర్వాత సార్. మా బాపు రాయి గందుల్నే ఉన్నది. అది సూపిచ్చినం గుడ, మిషన్ పట్టుకొచ్చినాయన రాసుకున్నడు. కొత్త గింజలు బాపు రాయి కాడ వెట్టనిది మా అవ్వ నోట్లె వెట్టది. ఈ యేడు పండినయి ముట్టుకుంటలేదు," అన్నాడు.

వాళ్లలో ఇంటి పెద్ద పోతే పొలంలో ఒక నిలువు రాయి పాతుతారు. అప్పుడు నాకు ఆ చుక్క గుర్తొచ్చింది. పచ్చరంగు, దాని మధ్య చీమ తలకాయంత నలుపు, దాన్ని తుడిచిన నా వేలు, అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. రాములు నావైపు కూడా చూశాడు. నేను కీబోర్డు వైపు చూస్తూ కూర్చున్నాను. అతను దండం పెట్టి వెళ్లిపోయాడు. తప్పు మీట నొక్కినందుకు నన్ను నేను క్షమించుకోగలను, చేతులన్నాక జారతాయి. ఆ మధ్యాహ్నం నోరు మూసుకున్నందుకు క్షమించుకోలేను.

అతను పోయాక పాత ఫైలు తెరిచాను. సార్ నేర్పిన ప్రకారం వెనక దాచిన కాపీ అలాగే ఉంది. ముత్తమ్మ భూమి పూర్తి ఆకారంతో, మూడెకరాల పది గుంటలతో. పక్క గదికి వెళ్లి ఫీల్డు కాయితం తీశాను. "రాయి, పెద్దమనిషిది" అని పెన్సిల్‌తో రాసి ఉంది.

సార్‌కు చెప్పడానికి మూడు వారాలు పట్టింది. ఆయన తెరమీద రెండు ఆకారాలనూ చాలాసేపు చూశాడు. మొహం పాలిపోయింది. కోపం రాలేదు, భయం వచ్చింది.

"ఒక్కటి తప్పని మనమే ఒప్పుకుంటె, మిగిలిన నలభై గుడ తిరగతోడుతరు రజియా. ఉన్నోళ్లయి గుడ ఆగిపోతయి. ఊకో."

"మరి ముత్తమ్మది, సార్?"

"ఊకో అంటున్న గదా."

ఆయన అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. అందుకే ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను ఇంకా కొరుకుతుంది. కానీ నలభై మంది పేరు చెప్పి ఆయన కాపాడుకున్నది తన తెల్ల అంగీనే అని నేను అనుకుంటాను. ఆ నెలాఖరుకు పని మానేశాను. సరిచేసిన నక్ష, రాయి చుక్కతో సహా, ఫీల్డు కాయితం నకలు, నా తప్పు ఒప్పుకుంటూ ఒక అర్జీ, మూడూ పట్టుకుని సంబంధించిన ఆఫీసుకు వెళ్లాను. తీసుకున్నారు. గడువు దాటిందన్నారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టుంది నా అర్జీ. మూడుసార్లు తిరిగాను, మూడుసార్లూ అదే మాట.

ముత్తమ్మ దగ్గరికి మాత్రం వెళ్లలేదు. సిగ్గు.

మురికి నక్షలు

భూపాలపల్లిలో నేను చేసినవి బొగ్గు గని విస్తరించే చోట ఖాళీ చేయించే వాడల నక్షలు. అక్కడ కోత ఇంకా సూటిగా ఉంటుంది. గని మేరతో ఊరిని కోసేస్తారు. నేను మీట నొక్కేముందు రెండు ఆకారాల పేర్లూ పైకి చదివేదాన్ని, పక్కవాళ్లు నాకు మతి చలించిందనుకునేవారు. ఫీల్డు కాయితంలో ఉన్న ఒక్క చుక్కను కూడా తుడిచేదాన్ని కాదు. వేపచెట్టు, చేదబావి, దర్గా, పసిపిల్లను పాతిన చోటు, అన్నీ ఉండేవి. అడగకుండా ఏ చుక్కనూ మచ్చ అనలేదు.

"గిది నక్షనా అక్కా, సీతాఫలం తొక్కనా?" అని అక్కడి ఇంజనీరు విసుక్కునేవాడు. రెండుసార్లు షీట్లు వెనక్కి కొట్టాడు. నేను అలాగే మళ్లీ పంపాను. దానివల్ల ఆ వాడలు నిలిచాయని చెప్పను, నిలవలేదు. ఇప్పుడు అక్కడ గుంత ఉంది. ఏమేమి పోయాయో నక్షలో మాత్రం ఉంది.

పిల్లలూ, మీ పై అధికారి శుభ్రమైన నక్ష అడుగుతాడు. ఇవ్వండి, తప్పులేదు. కానీ తుడిచేముందు లేచి పది అడుగులు నడవండి.

కందకం

భూపాలపల్లిలో పని మానేశాక, ఇంట్లో కూర్చున్న మొదటి నెలలోనే నాకు నిద్ర కరువైంది. చివరికి సరిచేసిన నక్షను పెద్దగా ప్రింటు తీసుకుని బస్సెక్కి కొత్తగూడ వెళ్లాను. రాములు నన్ను గుర్తుపట్టి మంచం వాల్చాడు. ముత్తమ్మ గుడిసె ముందు ఇప్పపూలు ఆరబోస్తున్నది. బాగా ముసలిది, నడుము వంగింది.

"అవ్వా, నీ భూమి నక్ష గీసింది నేను. నా తప్పు వల్లనే పోయింది," అన్నాను. అనుకున్నదానికంటే త్వరగా అనేశాను.

ఆమె చేతులు దులుపుకుని నా మొహంలోకి చూసింది.

"శాన దినాలు తిట్టిన బిడ్డా. ఎవలను తిడుతున్ననో తెల్వకుంట తిట్టిన. ఇగ మొకం తెలిసింది," అంది. తర్వాత తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

నక్షను నేలమీద పరిచాను. ఆమెకు పసుపురంగు చూపించాను, వాగు చూపించాను. ఆమె వాటిని పట్టించుకోలేదు.

"మా ముసలోడు యాడున్నడు గిండ్ల?"

చుక్క చూపించాను. ఆమె వేలు పెడితే చుక్క వేలికింద దాగిపోయింది.

"గింత చిన్నగ ఉన్నడా," అంది. వేలు తీయకుండానే, "నన్ను ఆయన పక్కకు వెట్టుమని రాములుకు చెప్పిన. కందకం దాటనియ్యరంట. నువ్వన్న గీ కాయితంల పక్కకు వెట్టు బిడ్డా, నేను పోయినంక," అంది.

"పెడత అవ్వా," అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె నా వైపు చూడకుండా మళ్లీ పూలు ఆరబోయడానికి వెళ్లింది. రాములు నన్ను కందకం దాకా తీసుకెళ్లాడు. అవతల మొక్కలు మనిషెత్తు పెరిగాయి, వాటి సందులోంచి నిలువు రాయి కనిపించింది. నేను జేబులోంచి ఫోను తీసి కందకం ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో పాయింట్లు తీసుకున్నాను. ఇంటికొచ్చి ఆ గీతను నక్షలో గీశాను. ఉన్నది ఉన్నట్టు గీయడం తప్ప నాకు ఇంకేమీ రాదు.

మొన్న వానలు మొదలైనప్పుడు రాములు ఫోన్ చేశాడు.

"అవ్వ పోయింది అక్కా. పదకొండు దినాలైతుంది."

"రాయి పాతిన్రా?"

"పాతినం. అవుతలికి పోనియ్యలే. కందకం ఇవుతల్నే, బాపు రాయికి ఎదురుంగ. నువ్వు కాయితంల పెడతనన్నవంట గదా. అవ్వ పోయెముందల గుడ యాది చేసింది," అన్నాడు.

కంప్యూటర్ తెరిచాను. మాట ఇచ్చాను కాబట్టి ముందు ఆమె చుక్కను ఆయన చుక్క పక్కనే పెట్టాను. చాలాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. చూడ్డానికి బాగుంది. సాఫ్‌గా ఉంది. అడవిలో ఒక చోట రెండు చుక్కలు, ఎవరి కన్నూ ఆగదు.

తర్వాత దాన్ని పట్టుకుని ఇవతలికి జరిపాను, రాయి నిజంగా ఉన్న చోటికి. రేపు ఎవరైనా ఈ నక్ష తెరిస్తే ఆమె ఎక్కడ నిలబడి ఉందో తెలియాలి, ఎందుకు అక్కడే ఆగిపోయిందని అడగాలి. అవ్వకు ఇచ్చిన మాట తప్పాను. ఇప్పుడు ఆ ఫైల్లో రెండు చుక్కలున్నాయి, పక్కన పేర్లు కూడా రాశాను. రెండింటి మధ్య కందకం ఉంది. ఆ గీత గీసింది నేనే.